మూరెడు గూడ్సు పెట్టెలు

మొన్న బుధవారం చేపలమ్మే ఆవిడ మా అరుగు మీద గంప దించుతూనే, వాళ్ళ మావయ్య పోయాడని చెప్పింది. నేను పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆఖర్న బాధపడ్డారా అని అడిగాను. "లేదండి. నిద్దట్లో ఒక్కసారి ఉలిక్కిపడ్డాడండి. ఆయనకి అలవాటే కదా అనుకున్నామండి. అంతేనండి," అంది. కళ్ళు తుడుచుకుంటూనే కాస్త నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. లోపలికి వెళ్ళి కూర్చున్నాక మాత్రం ఆ నవ్వు నిలవలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. బతికుండగా ఎవరైనా వెనకనుంచి పేరు పెట్టి పిలిస్తే ఆయన కూర్చున్నచోటే ఎగిరిపడేవారు. అందుకని స్టేషనులో మేమందరం ముందు దగ్గి, చెప్పులు నేలకేసి రాసి, వస్తున్నామని తెలియజేసి, అప్పుడు నోరు విప్పేవాళ్ళం. అలాంటి మనిషిని పోయాక కాగితం మీదికి పేరు పెట్టి పిలవడం నాకిష్టం లేదు.

నిడదవోలుకీ గోదావరికీ మధ్య ఒక చిన్న స్టేషనులో నేను గూడ్సు గుమాస్తాగా చేరేటప్పటికి నాకు పాతికేళ్ళు. గోదావరి మీద వంతెన కడుతున్న రోజులవి. రైలు ఇవతలి ఒడ్డున ఆగిపోయేది. మనుషులూ సరుకులూ స్టీమరెక్కి రాజమండ్రి చేరవలసిందే. వంతెన పనికి కావలసిన రాయి, సున్నం, ఇనుము, దుంగలు రోజూ మా స్టేషను మీదుగా వెళ్ళేవి. దారిలో పలక ఊడిన పెట్టెల్నీ, తలుపు పట్టని పెట్టెల్నీ మా దగ్గర విడిచిపెట్టి పోయేవారు. వాటిని బాగుచేసే వడ్రంగి ఆయన. నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్ద. షెడ్డు చివర ఒక తాటాకు పంచ, అందులో ఆయన రంపాలు, బాడిసెలు, ఒక నీళ్ళ కుండ, గోడవారగా ఆయన చేసిన మూరెడు గూడ్సు పెట్టెలు.

ఆయనది నరసాపురం దగ్గర సముద్రం ఒడ్డున చేపలు పట్టుకునే వాళ్ళ కుటుంబం. తండ్రీ తాతా పడవలు కట్టేవారు. కాలవల్లో ధాన్యం మోసే పెద్ద పడవ కట్టే ముందు వాళ్ళింట్లో మూరెడు పడవ ఒకటి చేసేవారట. దాన్లో నాలుగు గుప్పిళ్ళ వడ్లు పోసి, కుడితితొట్టిలో వదిలి, ఎటు ఒరుగుతుందో చూసుకుని, ఆ తరవాతే పెద్ద దుంగ మీద చెయ్యి వేసేవారట. రైలు వచ్చి పడవల పని తగ్గాక ఈయన రైలు కంపెనీలో చేరారు. పని మారింది గానీ పద్ధతి మారలేదు. ఏ పెట్టె బాగుచేయడానికి వచ్చినా ముందు దాని చిన్నరూపు చేసేవారు. పెద్దదాని పలకలెన్నో చిన్నదానికీ అన్నే పలకలు. పెద్దదానికి ఎడమ తలుపు వంకరైతే చిన్నదానికీ ఎడమ తలుపు వంకరే. ఆయనకి చదువు రాదు. అయినా పెట్టె మీద తెల్లరంగుతో రాసిన అంకెల్ని ఆడవాళ్ళు ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు చూసి దించేవారు. అది ఏ అంకె అని అడిగితే తెల్లమొహం వేసేవారు.

వాటిని బొమ్మలంటే ఆయనకి కోపం. కోపమంటే ఆయన కోపం ఎంతలే, గొంతు ఇంకాస్త తగ్గేది. "బొమ్మ కాదండి. సిన్న పెట్టి అండి," అనేవారు. ఖాళీగా ఒక్కటీ ఉంచేవారు కారు. పెద్దదాన్లో ఏ సరుకు వచ్చిందో చిన్నదాన్లో అదే పడాలి. దించేటప్పుడు బస్తాల్లోంచి రాలిన దాన్ని కొంగున ఏరుకునే ఆడకూలీల వెనక తిరిగి, గుప్పెడు అడిగి తెచ్చుకునేవారు. ధాన్యం పెట్టె, శనగల పెట్టె, చింతపండు పెట్టె, మిరపకాయల పెట్టె, పొగాకు పెట్టె. ఉప్పు పెట్టెకి తుప్పు పట్టిన మేకులే కొట్టారు, ఎందుకంటే పెద్దదాని మేకులూ తుప్పు పట్టే ఉన్నాయి. తోళ్ళ పెట్టె వాసనకి మేము అటువైపు వెళ్ళడం మానుకున్నాం. బెల్లం పెట్టెకి చీమలు పట్టాయి, దులిపి పారేయమంటే, "పెద్దదానికీ పట్టినియ్యండి," అన్నారు.

"ఖాళీ పెట్టి ఎటైనా నిలబడతాదండి. సరుకేస్తే గానీ దాని బుద్ది తెలవదండి." ఈ మాట రోజుకి నాలుగుసార్లయినా అనేవారు. మా స్టేషను మాస్టరు ఈ మాటని అచ్చం ఆయన గొంతుతోనే అని చూపించి మమ్మల్ని నవ్వించేవారు.

ప్రతి పెట్టె సరుకూ ఏమిటో నన్నే అడిగేవారు. నేను దానితో వచ్చిన కాగితం చూసి చెప్పేవాణ్ణి. చెప్పాక కూడా పలకల సందులో ముక్కు పెట్టి ఒకసారి వాసన చూసేవారు. నా మాట మీద నమ్మకం లేదా అంటే చెవులు మూసుకుని, "మీ మాట కాదండి, కాగితం మాటండి. మీరు లోపల సూడలేదు కదండీ," అనేవారు.

ఇక ఆయన భయాలు. అవి చెప్పుకుంటూ పోతే అంతు లేదు. ఇంజను వస్తుంటే స్తంభం చాటుకి వెళ్ళేవారు. దాన్ని అయ్యగారు అనేవారు. తుఫాను ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి మేఘం పడితే పంచలోంచి కదిలేవారు కారు. దొర తనిఖీకి వస్తున్నాడంటే ముందురోజు నుంచే అన్నం మానేసేవారు. ఖాళీ పెట్టె తలుపు వేసే ముందు మూడుసార్లు తట్టి, "లోపల ఎవరైనా ఉన్నారా అండి? మూసేత్తన్నానండి," అని అడిగి, జవాబు రాకపోతేనే మూసేవారు. తెరిచేటప్పుడూ అంతే. ఒకసారి పట్టాలు మార్చేవాడు లోపల దాక్కుని "ఉన్నానండి" అన్నాడు. ఆయన అక్కడికక్కడే కూలబడిపోయారు. రెండురోజులు జ్వరం. అందరం పడిపడి నవ్వాం. నేను కూడా నవ్వాను. మనిషంతా ఎంత వణికినా ఉలి పట్టిన చెయ్యి మాత్రం వణికేది కాదు, అది ఆ రోజుల్లో మేమెవరం గమనించలేదు.

ఆయన ఒక్కరికే భయమైతే ఈ కథ ఇంతటితో అయిపోయేది. ఆ ఏడాది మా చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ భయం పట్టుకుంది. వంతెన స్తంభాలు నిలబడటం లేదట, గోదావరి తల్లి బలి అడుగుతోందట, ఒక్కొక్క స్తంభం కింద ఇన్నేసి తలకాయలు వేస్తున్నారట. తలలు కోసేవాళ్ళు ఊళ్ళ మీద పడ్డారట, కోసినవాటిని తలుపులు మూసిన గూడ్సు పెట్టెల్లో పంపుతున్నారట. చేలల్లో ఒంటరిగా పనికి వెళ్ళడం మానేశారు. పిల్లల్ని గడప దాటనిచ్చేవారు కారు. కొత్త మనిషి ఊళ్ళోకి వస్తే నలుగురు వెంటపడి ఏ ఊరు, ఎవరింటికి అని ఆరా తీసేవారు. మా పాదిరిగారు ఆదివారం ఆరాధనలో ఈ మాటలు నమ్మొద్దని గట్టిగానే చెప్పారు.

నేను నమ్మలేదని రాస్తే అబద్ధమవుతుంది. మిషను బడిలో చదువుకున్నవాణ్ణి, ఇంగ్లీషు చదవగలవాణ్ణి, నాకే గుండెల్లో రాయి పడినట్టుండేది. మా ఆవిడకి అప్పుడు ఏడో నెల. పైగా ఇంకొక భయం. మిషను వాళ్ళకీ దొరలకీ లోపాయికారీ ఉందని ఊళ్ళో గుసగుసలు. మా నాన్న ఆ ఊరి చేలల్లోనే కూలికి వెళ్ళేవాడు. ఆయన్ని ఒరే అని పిలిచే నోళ్ళే నన్ను గుమాస్తాగారు అనేవి. ఆ గారు ఎప్పుడు ఊడిపోతుందో అని నాకు లోపల్లోపల ఎప్పుడూ బెరుకుగానే ఉండేది.

ఆడవాళ్ళు మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. అమ్మవారికి కోపం వస్తే చల్లార్చినట్టే పొగబండినీ చల్లార్చాలనుకున్నారు. ప్రతి మంగళవారం బిందెల్లో పసుపునీళ్ళు కలిపి, వేపమండలు వేసుకుని స్టేషనుకి వచ్చేవారు. ఇంజను దగ్గరికి రానివ్వరు కాబట్టి ఊరిదారి పక్కన పట్టాల మీద నిలిపిన గూడ్సు పెట్టెల చక్రాలకి ఆ నీళ్ళు పోసి, మా పిల్లల జోలికి రావద్దు తల్లీ అని దండం పెట్టుకుని వెళ్ళేవారు. స్టేషను మాస్టరు చూసీ చూడనట్టు ఊరుకునేవారు. చక్రాలకి నీళ్ళు పోస్తే కంపెనీ సొమ్మేం పోయింది?

ఒక శనివారం తలుపులు మూసిన పెట్టె ఒకటి మా దగ్గర విడిచిపెట్టారు. కాగితంలో సున్నం అని ఉంది. బట్టీలో కాల్చి, ఇంకా నీళ్ళు తగలని రాళ్ళ సున్నం. ఒక పల్నాటి కూలీ దానికి కాపలాగా వచ్చాడు. ఇరవయ్యేళ్ళుంటాయేమో, ఒళ్ళంతా సున్నం కొట్టుకుని కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవి. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఎండవేళ ఆ పెట్టె కిందే నీడలో పడుకునేవాడు.

మంగళవారం పొద్దున్నే ఆయన నా బల్ల దగ్గరికి వచ్చారు. చేతిలో ఆ పెట్టె చిన్నరూపు ఉంది. తలుపు గడప కింద పలక కుళ్ళిందని వేలు పెట్టి చూపించారు. సందులోంచి సున్నం పొడి రాలుతోందని, ఒక్క చుక్క తడి తగిలినా లోపల రాళ్ళు ఉడుకుతాయని, ఇవాళ ఆడవాళ్ళు నీళ్ళు పోసే రోజని, దాన్ని అవతలి పట్టాల మీదికి తోయించమని అడిగారు. స్టేషను మాస్టరు పనుండి నిడదవోలు వెళ్ళారు. నేనొక్కణ్ణే ఉన్నాను. మనుషుల్ని పోగుచేసి పెట్టె తోయించాలంటే అదో పెద్ద పని. సాయంత్రం చూద్దామన్నాను. ఆయన వెళ్ళి, మళ్ళీ వచ్చి అదే చెప్పారు. మూడోసారి వచ్చి, "నాకు భయమేత్తందండి," అన్నారు.

"మీకు దేనికి భయం వెయ్యదో అది చెప్పండి," అన్నాను నేను.

ఆయన నవ్వారు. నవ్వి, చిన్న పెట్టె గుండెకి ఆనించుకుని వెళ్ళిపోయారు. ఆ నవ్వు గుర్తొస్తే నాకిప్పటికీ ఒళ్ళు ముడుచుకుపోతుంది.

మిట్టమధ్యాహ్నం ఆడవాళ్ళు వచ్చారు. పదిహేను ఇరవైమంది ఉంటారు. ఆ రోజు పట్టాల మీద ఆ ఒక్క పెట్టే ఉంది. అందరి బిందెలూ దానికే. మా ఆఫీసు కిటికీలోంచి నాకు కనిపిస్తూనే ఉంది. కొందరు చక్రాలకి పోశారు. ఒకావిడ భక్తి ఎక్కువై బిందె పైకెత్తి తలుపుకి అభిషేకం చేసినట్టు పోసింది. పసుపునీళ్ళు తలుపు మీదుగా గడపలోకి దిగాయి. లోపలికి వెళ్ళినవి పసుపుగా వెళ్ళాయి. బయటికి కారినవి ఎర్రగా కారాయి.

ఎవరూ అరవలేదు. లోపలినుంచి బుసబుసమని ఒక చప్పుడు మొదలైంది. పలకల సందుల్లోంచి ఆవిరి వచ్చింది. అమ్మ కోపం చేసింది, పొయ్యండి, ఇంకా పొయ్యండి అని ఒక ముసలావిడ అంది. మిగిలిన బిందెలన్నీ ఆ తలుపు మీదే గుమ్మరించారు. పోసిన కొద్దీ బుస ఎక్కువైంది, ఎరుపు ఎక్కువైంది, రాళ్ళ మీద కాలవ కట్టింది. సరిగ్గా అప్పుడు పెట్టె కిందినుంచి, ఒళ్ళంతా తెల్లగా, ఆ ఎర్రనీళ్ళు తలమీద కారుతూ, నిద్రలోంచి లేచిన పల్నాటి కూలీ పాక్కుంటూ బయటికి వచ్చాడు.

ఇంట్లో దిష్టి తీయడానికి పసుపులో సున్నం కలిపి ఎర్రనీళ్ళు చేయని ఆడది ఆ గుంపులో ఒక్కర్తి కూడా లేదు. పెళ్ళిళ్ళకి పారాణి కలపని చెయ్యి లేదు. అయినా ఒక్కరికీ తట్టలేదు. భయం వేస్తే మనిషికి సొంత వంటిల్లు కూడా గుర్తుండదు. పైగా మూసిన పెట్టెలో ఉన్నది సున్నమని వాళ్ళకి తెలియదు. తెలిసినవాణ్ణి నేను. కాగితం నా బల్ల మీదే ఉంది. కానీ ఆ ఎరుపు చూశాక ఆ కాగితాన్ని నేనే నమ్మలేకపోయాను. మీరు లోపల చూడలేదు కదండీ అన్న మాట చెవుల్లో మోగింది. నిజంగా అది సున్నమేనా? పోనీ సున్నమే అని వెళ్ళి చెప్తే, మిషనువాడు, దొరల మనిషి, వీడికీ భాగముంది అంటే? ఇంటి దగ్గర ఏడో నెల మనిషి ఉంది. కిటికీ దగ్గరే ఉండిపోయాను.

కేకలు విని చేలల్లోంచి మగవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. కూలీని పట్టుకుని చేతులు వెనక్కి కట్టేశారు. వాడు "సున్నమయ్యా, సున్నమే" అని ఏడుస్తున్నాడు. వాడి యాస వేరు, మనిషి కొత్త, ఒంటి నిండా ఎర్రనీళ్ళు. ఎవరు నమ్ముతారు? ఒక రైతు పెద్ద కంకరరాయి అందుకున్నాడు. తలుపు తెరిచి చూపిస్తావా, లేక నీ తలే పగలగొట్టి స్తంభం కింద వెయ్యమంటావా అని చాలా నెమ్మదిగా అడిగాడు.

అప్పుడు షెడ్డు వైపునుంచి ఆయన వచ్చారు. రెండు అరచేతుల మీద చిన్న పెట్టె పెట్టుకుని, నిండు పళ్ళెం తొణక్కుండా తెస్తున్నట్టు అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చారు. మనిషంతా వణికిపోతున్నారు. అందరి మధ్యా నేలమీద కూర్చుని, అభిషేకం చేసినావిడని, "అమ్మా, బిందెలో కాసిన్ని మిగిలినియ్యా అండి? మీ సేత్తోనే దీనిమీద పొయ్యండి," అన్నారు. ఆవిడ పోసింది. మూరెడు పెట్టె గడపలోంచి ఎర్రటి ధార కారింది. సన్నగా ఆవిరి లేచింది. ఆయన చిన్న తలుపు తీసి లోపల ఉడుకుతున్న సున్నం అందరికీ చూపించారు.

ముసలావిడ వంగి, ఆ ధారలో వేలు ముంచి, వాసన చూసి, "పారాణేనే," అంది. ఆడవాళ్ళల్లో ఒకరిద్దరు కూలబడి ఏడ్చారు. అయిపోయిందనుకున్నాను. కానీ రాయి పట్టుకున్న రైతు రాయి దించలేదు.

"సిన్న పెట్టిలో సున్నం ఏసింది నువ్వు," అన్నాడు. "పెద్దదాన్లో ఏముందో నీకెలా తెలుసు? నువ్వు సూశావా?"

సున్నమని ఆయనకి చెప్పింది నేను. ఆయన కిటికీ వైపు చూశారు. నేను కిటికీ రెక్క చేరవేశాను.

ఆ తరవాత మాటలు మాత్రమే వినిపించాయి. రేపటిదాకా ఆగితే చల్లారుతుందని, అప్పుడు తెరుద్దామని ఆయన బతిమాలారు. లోపల రాళ్ళు ఉబ్బి తలుపుని తోస్తున్నాయని, ఇప్పుడు తెరిస్తే మొహాన పడుతుందని చెప్పారు. సాకులు చెప్తున్నాడని ఎవరో అరిచారు. కూలీ కెవ్వుమన్నాడు. అంతలో ఆయన గొంతు, ఎప్పటిలాగే సన్నగా, "రాయి దించండి బాబూ. నేను తీత్తానండి. అందరూ ఇరవై అడుగులు ఎనక్కెల్లండి," అని వినిపించింది.

రెక్క సందు చేసి చూశాను. తుండుగుడ్డ ముక్కుకీ నోటికీ చుట్టుకున్నారు. కళ్ళు మూసుకుంటే తలుపు చీల కనిపించదు కదా. జనమంతా వెనక దూరంగా ఉన్నారు. ఆయనొక్కరే పెట్టె ముందు నిలబడి, అలవాటు చొప్పున మూడుసార్లు తట్టి, "లోపల ఎవరైనా ఉన్నారా అండి?" అని అడిగారు. బుస తప్ప జవాబు లేదు. ఆయన మళ్ళీ నా కిటికీ వైపు తిరిగారు. సందులో నన్ను చూశారు. అలాగే కాసేపు నిలబడ్డారు. నేను నోరు తెరిచానని గుర్తుంది. తరవాత ఆయన తలుపు వైపు తిరిగి చీల లాగారు. చెయ్యి వణకలేదు.

తెల్లగా ఒక మబ్బు బయటికి దూకింది. రాళ్ళు జారిన చప్పుడు, ఆయన కేక. మబ్బు తగ్గాక అందరికీ సున్నమే కనిపించింది, సున్నం తప్ప ఇంకేమీ లేదు. రైతు చేతిలో రాయి ఎప్పుడు జారిపోయిందో వాడికే తెలియదు. ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని పరుగెత్తి ఆయన మొహం కడగబోయారు. ఉన్నవి ఆ పసుపునీళ్ళే. కడుగుతున్న కొద్దీ ఆయన మొహమంతా ఎర్రగా కారింది. అప్పుడు నేను బయటికి వచ్చాను. అందరికంటే ఆఖరున.

స్టీమరు మీద రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పల్నాటి కూలీ దారంతా ఆయన చెయ్యి వదల్లేదు. ఆయనకి రెండు కళ్ళూ పోయాయి. పైవాళ్ళకి జరిగింది రాసి పంపవలసినవాణ్ణి నేనే. పొరపాటున నీరు తగిలింది అని రాశాను. ముందే మూడుసార్లు చెప్పారన్న సంగతి రాయలేదు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఊరివాళ్ళు నన్ను గుమాస్తాగారు అంటూనే ఉన్నారు.

కూలీ ఏడాదిపాటు ఆయన దగ్గరే ఉండి, కర్ర పట్టుకుని నడిపించి, ఆ తరవాత తన ఊరు వెళ్ళాడు. ఆయన నరసాపురం వైపు మేనకోడలి ఇంటికి చేరారు. తరవాత ఆవిడ మా ఊరికి చేపలు తేవడం మొదలుపెట్టింది. వారానికోసారి ఆవిడ నోట ఆయన కబుర్లు వినేవాణ్ణి. చేతులతో తడుముకుని ఇంకా పెట్టెలు చేస్తున్నారట. వెళ్ళి చూడాలనుకుంటూనే ఎనిమిదేళ్ళు గడిపేశాను. వంతెన పూర్తయింది, రైళ్ళు గోదావరి దాటి వెళ్తున్నాయి, నాకు ఇద్దరు పిల్లలు. కిందటేడు ఎండాకాలంలో ధైర్యం చేసి వెళ్ళాను.

వాకిట్లో నిలబడి ముందు దగ్గాను. చెప్పులు నేలకేసి రాశాను. ఆయన తలెత్తి, "రండి గుమాస్తాగారండి," అన్నారు. చాప మీద కూర్చోబెట్టి, ఇప్పుడు వంతెన మీద ఏమేం సరుకులు వెళ్తున్నాయో అడిగి అడిగి చెప్పించుకున్నారు. కొత్త పెట్టెలకి గోడలు కూడా ఇనుముతోనే చేస్తున్నారంటే చాలాసేపు ఆలోచించి, మరి వాటికి వాసనెలా చూస్తారండీ అన్నారు. ఆయన ఒళ్ళో సగం చేసిన పెట్టె ఒకటి ఉంది. మాట్లాడుతూనే దాని తలుపు తీసి మూస్తున్నారు.

నేను ఉండబట్టలేక, ఆ రోజు కిటికీలో ఉన్నది నేనేనని చెప్పాను.

"తెలుసండి," అన్నారు.

"నాకు భయమేసింది," అన్నాను.

"నాకూ ఏసిందండి. ఎవరికెయ్యదండి."

తరవాత, ఒళ్ళు చేశారా, జుట్టేమైనా నెరిసిందా అని నన్ను మామూలుగా అడిగారు. చెవుల దగ్గర నెరిసిందని చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"నాకది తెలవదండి. నేను ఆకరున సూసిన మొకం మీదేనండి. మా మేనకోడలి మొకం కూడా మర్సిపోయానండి. మీది మాత్రం పోదండి. ఆ కిటికీలోనే ఉన్నారండి, పాతికేళ్ళ మనిషి, నోరు తెరిసి. సెప్తారేమోనని కాసేపు ఆగానండి."

ఆయన జవాబు కోసం ఎదురుచూస్తున్నట్టు నా వైపే మొహం పెట్టి కూర్చున్నారు. ఆ రోజు కూడా నాకు నోట మాట రాలేదు.